జానెడు

గంటస్తంభం దాటాక మూడో సందు.
దుకాణం బోర్డు మీద సింహానికి ఒక కన్ను రాలిపోయింది.
బెహరా దామోదరం గారు గాజుబల్ల మీద
పాత దినపత్రిక పరిచి
రెండు తుపాకులూ పక్కపక్కన పడుకోబెట్టారు,
పురిటిగదిలో కవల పిల్లల్ని పడుకోబెట్టినట్టు.

"ఇది సెమీ ఆటోమేటిక్. ఒకసారి నొక్కితే
రెండోది తనంతట తనే ఎక్కీసుకుంటాది.
ఇది పంపు. నువ్వు లాగాల, తొయ్యాల. అప్పుడే రెండోది."
లాగి చూపించారు.
కటక్. కటక్.
బయట అరటిపళ్ళ బండి మనిషి తల తిప్పాడు.

మాది మందస అవతల, జీడితోటలో ఇల్లు.
మా ఆయన త్రినాథరావు లారీ మీద ఉంటాడు,
పది రాత్రుల్లో ఒక్కటే మాది.
తక్కిన తొమ్మిదీ
నేను, ఆడపడుచు కుంతల,
పనసపండు వాసనకి వచ్చే ఎలుగు.
మొన్న వైశాఖంలో వంటింటి తడిక చీల్చి
నూనె డబ్బా ఎత్తి తాగింది, రెండు చేతుల్తో,
అచ్చం మా మావయ్య కల్లు తాగినట్టు.
నా లైసెన్సు కాగితానికి పద్నాలుగు నెలలు పట్టింది.
దానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

తోడొచ్చిన మిలటరీ బావ జోగినాయుడు
సెమీనే అన్నాడు.
"సీకట్లో సెయ్యి వొణికిందనుకో, పంపు సగంలో ఇరుక్కుంటాది.
ఇదైతే వేలొక్కటే పని."
"ఉప్పుగాలి దీనికి పడదు బాబూ,
మీకు సముద్రం ఎంత దూరం?" అన్నారు దామోదరం గారు.
"పంపు సప్పుడుకే పారిపోతాది" అని కూడా అన్నారు.
"సప్పుడుకే పోయేదైతే మా ఆయన గురకకే పోను" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

ధరా, బరువూ, తుప్పూ అన్నీ అయ్యాక
ఆయన కళ్ళద్దాలు తీసి అడిగారు:
"మీ ఇంటి గోడలు ఏటమ్మా?"
"ముందరివి ఇటుక. వంటింటిది తడిక, పైన పేడమట్టి."
"తడికవతల ఎవులు పడుకుంటారు?"

నోరు పెగల్లేదు.
తడికవతల నులకమంచం.
మంచం మీద కుంతల.
చిన్నప్పటి నుంచీ దానికి నడిరాత్రి దాహం.
దీపం వెయ్యదు. నా నిద్ర చెడుతుందని
పట్టీలు తీసి దిండు కింద పెట్టి మరీ నడుస్తుంది.
ఎలుగు కూడా అలాగే నడుస్తుంది,
మెత్తగా, కుండల వైపు.

పోయినేడు ఒక రాత్రి
మూత కదిలిందని రోకలి ఎత్తాను.
రోకలి బరువు. అది భుజం దాకా లేచేలోపు
దగ్గు వినపడింది.
మనిషి దగ్గు.
ఈ మాట ఇంతవరకూ దానికి చెప్పలేదు.

రెండింటినీ ఎత్తి చూశాను.
సెమీ నా కోపంలాగే ఉంది, ముందే సిద్ధంగా.
పంపుకి మాత్రం, గుండు ఎక్కించకుండా ఉంచితే,
మొదటి దెబ్బకి కూడా ఒక జానెడు లాగాలి.
ఆ జానెడులో ఒక పేరు పడుతుంది.
మూడక్షరాల పేరు.

"ఇదే కట్టండి" అన్నాను.
కాంప్లెక్సులో బస్సెక్కేదాకా
బావ నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చీరాగానే కుంతల మంచం
ఇటుక గోడ వైపు మార్చాను. ఎందుకొదినా అంది.
గాలి బాగుంటుందన్నాను.

నలభై రోజులు కాలేదు, ఎన్నికలొచ్చాయి.
తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పమన్నారు.
రసీదిచ్చారు. నూనె డబ్బా కింద పెట్టాను.

ఆ వారమే తడిక చప్పుడైంది.
చీకట్లో లేచి కూర్చుని
ఖాళీ చేతుల్తో లాగాను, తోశాను.
కటక్ అన్నాను, నోటితోనే.
మధ్యలో పేరు పిలిచాను.
"ఏటొదినా?" పక్క మంచం మీంచే పలికింది.
అయితే అవతలున్నది ఎలుగే.
ఇద్దరం గోడకి చేరబడి
అది నూనె తాగడం అయ్యేదాకా విన్నాం.

కౌంటింగు అయ్యాక రసీదు పట్టుకుని వెళ్ళాను.
ఎస్సై గారు కిటికీ వెలుతురుకి పెట్టి చూశారు.
అక్షరాలన్నీ నూనెలో ఈదుతున్నాయి, అడ్డంగా ఒక నాలుక చార.
"ఏటమ్మా," అన్నారు,
"దీని మీద సంతకం ఎవులిది?"